ఎడమ పురి

ఆ వంతెన వయసెంత అని బడి పంతుల్ని అడిగితే అయిదు వందల ఏళ్ళంటాడు. ఎమెతెరియాని అడిగితే ఏడాది అంటుంది. ఇద్దరి మాటా నిజమే. ఇంకా వంశపు రాజుల దండ్లు అపూరిమాక్ నది దాటిన వంతెన అదే. కాకపోతే అది గడ్డి వంతెన. గడ్డితో పేనిన తాళ్ళు ఏడాది తిరిగేసరికి చీకిపోతాయి గనుక, ప్రతి జూన్‌లోనూ పాతదాన్ని కోసి నదిలో వదిలేసి కొత్తది కట్టుకుంటారు. కేకేస్తే వినపడేంత దూరంలో లారీలు పోయే ఇనుప వంతెన ఉండనే ఉంది. మరి ఈ గడ్డి వంతెన ఎందుకయ్యా అని ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి అడుగుతుంటారు. "పోయినేడు కట్టాం గనక" అనేవాడు ఎమెతెరియా మొగుడు సతుర్నినో. అంతకంటే మంచి జవాబు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

చరిత్ర రాసేవాళ్ళకి రాజులంటే మహా ఇష్టం. తాడు పేనినవాడి పేరు ఏ పుస్తకంలోనూ కనపడదు. "ఇంకా రాజు కట్టించాడంటావు, సరే. మరి నా అరచేతుల్లో ఈ కాయలు ఎవరు కాయించారు పంతులూ?" అని సతుర్నినో చేతులు చాపి చూపించేవాడు.

సతుర్నినో నలభై ఏళ్ళు ఈ ఒడ్డు మేస్త్రీ. అవతలి ఒడ్డుకి ఫ్రోయిలాన్ మేస్త్రీ. లావుపాటి మోకులు నది మీద లాగి కట్టాక, ఇద్దరూ చెరో ఒడ్డు నుంచీ ఆ మోకుల మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, కింద నడిచే మోకుల్నీ పైన చెయ్యి ఆన్చుకునే మోకుల్నీ సన్న తాళ్ళతో దడి అల్లినట్టు కలుపుకుంటూ నది మధ్యకి జరుగుతూ వచ్చేవారు. ఎవరు ముందు మధ్యకి చేరతారో అని పందెం. కాళ్ళ కింద నది హోరు, మీద ఇద్దరి తిట్లు. "నీ ముళ్ళు చూస్తే నా మేకలు నవ్వుతాయిరా" అని ఇటునుంచి. "నీ మేకలకైనా బుద్ధుంది, నీకదీ లేదు" అని అటునుంచి. ఫ్రోయిలాన్ ఏ పనైనా సతుర్నినో చెప్పినదానికి సరిగ్గా అడ్డంగానే చేసేవాడు. "నువ్వు మనిషివి కాదు, తాడులో ఎదురు పురివి" అని సతుర్నినో విసుక్కునేవాడు. పని అయ్యాక ఇద్దరూ ఒకే ముంతలో మొక్కజొన్నలు పులియబెట్టిన చిచా తాగేవారు.

ఈ ఏడు ఏప్రిల్ చివర్లో సతుర్నినో కొండెక్కి, వంతెనకి కావలసిన పొడుగాటి గడ్డి ఎప్పటిలాగే తన చేత్తోనే కోసుకొచ్చాడు. వచ్చిన రాత్రి నుంచే దగ్గు పట్టుకుంది. పదో రోజుకి లేచి కూర్చోలేకపోయాడు. మూలనున్న గడ్డిమోపుల వైపు చూసి, "గడ్డి కోసి పెట్టాను. ఇక మిగిలింది నీ పనే" అన్నాడు. ఆ మాట తర్వాత ఇంకేమైనా అన్నా ఎమెతెరియాకి గుర్తులేదు. మర్నాడు పోయాడు.

ఊళ్ళో ప్రతి ఇల్లూ నలభై బారల తాడు పేని ఇవ్వాలి. ఇంటి మనిషి పోయి నెలైనా తిరగలేదు, ఈ ఏడాదికి నీ వంతు వదిలేస్తామని పెద్దలు అన్నారు. "ఎందుకు వదలడం? ఇల్లుంది. పొయ్యి మండుతోంది. ఆయన కోసిన గడ్డి మూల కూర్చుని నా మొహమే చూస్తోంది" అందామె. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు సాయం వస్తామంటే పొమ్మంది. వాళ్ళకి పిల్లలు కలగలేదు. వాళ్ళు పెంచిందీ కసిరిందీ ముద్దు చేసిందీ అంతా ఆడబిడ్డ కొడుకు విల్బర్‌నే. వాడికి కూడా అదే జవాబు చెప్పింది.

గడ్డిని నీళ్ళలో నానబెట్టి, రాతి మీద పరిచి, గుండ్రాయితో కొట్టి మెత్తబరిచి, గుప్పెడు గుప్పెడు అందుకుని రెండు అరచేతుల మధ్యా దొర్లించి పేనుకుంటూ పోవాలి. ఎమెతెరియా కళ్ళకి పొర కమ్మి రెండేళ్ళయింది. ఈ పనికి కళ్ళు అక్కర్లేదు, యాభై ఏళ్ళ అలవాటు. వాకిట్లో ఎండలో కూర్చుని, పక్కన మనిషి ఉన్నట్టే మాట్లాడుతూ పేనింది. "ఈ గడ్డిలో తుక్కంతా కలిపేశావు, చూసి కోయొద్దూ" అని సతుర్నినోని తిట్టింది కూడా. నలభై బారలు తెమలడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆమె ఏడవలేదు.

పని మొదలయ్యే రోజు పొద్దున్నే ఊరంతా రోడ్డు పక్క చదునులో చేరింది. ఆడవాళ్ళు అంతవరకే రావచ్చు. కింద వంతెన కట్టే చోటికి దిగితే నదికి కోపం వస్తుందని కట్టుబాటు. కోపం నదికో, లేక నాలుగు రోజులు పెళ్ళాల మాట వినే బాధ తప్పించుకుందామని మగవాళ్ళ ఎత్తో, ఎమెతెరియాకి యాభై ఏళ్ళుగా అనుమానమే. సతుర్నినో స్థానంలో ఈ ఏడే మొదటిసారి నిలబడ్డ విల్బర్, ఇంటింటి తాడూ వేళ్ళ మధ్యనుంచి లాగి చూసి, బాగుందంటే కుప్పలో వేయిస్తున్నాడు. అత్త చేతిలో తాడు చుట్ట అందుకుని ఒక బార లాగాడు. ఇంకో బార లాగాడు. అక్కడ ఆగిపోయాడు.

"అత్తా, ఇది ఎవరు పేనారు?"

"ఎవరు పేనుతారు? మీ మామ లేచొచ్చి పేనాడా? నేనే. ఏం, సన్నమైందా?"

"సన్నం కాదు. ఒకసారి చెయ్యివ్వు." విల్బర్ గొంతు తగ్గించి, ఆమె బొటనవేలు పట్టుకుని ముందు ఇంకొకరి తాడు మీద రాయించాడు. తర్వాత ఆమె తాడు మీద రాయించాడు.

ఎమెతెరియా రెండు తాళ్ళూ మళ్ళీ తడిమి చూసింది. ఊరందరి తాళ్ళూ కుడికి మెలి తిరిగిన కుడి పురి. తను పేనిన నలభై బారలూ ఎడమ పురి.

ఎలా జరిగిందో ఆమెకి వెంటనే తెలిసిపోయింది. పోయిన మనిషి నడుముకి ఎడమ పురి నూలు కట్టి సాగనంపుతారు. ఆ దారిలో ఏ కీడూ వెంటపడకుండా. సతుర్నినోకి ఆ నూలు తనే వడికింది, నల్ల ఉన్నీ తెల్ల ఉన్నీ కలిపి, రాత్రి తెల్లవార్లూ. ఆ తర్వాత మళ్ళీ ఏ దారమూ పట్టుకోలేదు. గడ్డి ముందు కూర్చున్నప్పుడు చేతులకి ఆఖరుగా గుర్తున్న పని అదే. అవి అదే చేసుకుంటూ పోయాయి. కళ్ళు బాగుంటే పట్టుకునేదేమో. పక్కన ఎవరినైనా కూర్చోనిచ్చినా పట్టుకునేవాళ్ళు.

"మోకులో కలపడానికి లేదత్తా," అన్నాడు విల్బర్. "ఇరవై నాలుగు తాళ్ళు కలిపి ఎదురు మెలి తిప్పుతాం కదా. మిగతావి బిగుస్తుంటే ఇది విప్పుకుంటుంది. మోకు వదులైతే..."

"వదులైతే ఏమవుతుందో నాకు చెబుతావేంట్రా. నీకు ముక్కు తుడుచుకోవడం రానప్పటినుంచీ చూస్తున్నాను."

వెనక వరసలో నిలబడ్డ పొరుగింటి సెనోబియా జాలిపడింది. "నా దగ్గర పది బారలు ఎక్కువున్నాయి ఎమెతెరియా. తలా పది ఇస్తే నీ నలభై నిండిపోతాయి. ఈపాటి దానికి మొహం అలా పెట్టకు."

"గడ్డి మీది కదమ్మా," అంది ఎమెతెరియా. "ఆయన కోసింది ఇదొక్కటే."

తాడు కొస పట్టుకుని, విప్పి మళ్ళీ పేనుతానని తిప్పడం మొదలుపెట్టింది. ఒకసారి మెలిపడి ఆరిన గడ్డి మాట వినదు. జానెడు విప్పేసరికి పుటుక్కున విరిగి ఆమె వేళ్ళలోంచి పొట్టులా రాలింది. చుట్టూ ఉన్నవాళ్ళు తలలు దించుకున్నారు.

"వద్దులే," అంది చివరికి. "మోకులో పెట్టకు. మీ మామకి తాడు కంటే మనుషులు ముఖ్యం." చుట్ట వీపున వేసుకుని, వాలు ఎక్కి ఒక బండ మీద కూర్చుంది. మగవాళ్ళు తాళ్ళ కుప్ప మోసుకుని కిందకి దిగారు. విల్బర్‌కి అత్త వెంట పరిగెత్తాలనే ఉంది. కానీ వెనక ఊరంతా కనిపెట్టుకుని ఉంది. తనూ వాళ్ళ వెంట దిగాడు.

మధ్యాహ్నం పూట ఫ్రోయిలాన్ ఇనుప వంతెన మీదుగా చుట్టు తిరిగి వచ్చాడు. డెబ్బై ఏళ్ళవాడు, ఆ ఎక్కుడికి రొప్పుతున్నాడు. ఆమె పక్కన కూలబడి, కోకా ఆకులు నాలుగు ఆమె చేతిలో పెట్టి, నాలుగు తన బుగ్గన పెట్టుకున్నాడు.

"అవతలి ఒడ్డు దాకా వచ్చేసింది వదినా నీ ఘనకార్యం."

"ఎగతాళి చెయ్యడానికి ఇంత దూరం రావాలా?"

"మరి? నీ మొగుడు బతికున్నన్నాళ్ళూ నన్ను ఎదురు పురి అని తిట్టాడు. తీరా చూస్తే ఆయన ఇంటి తాడే ఎదురు పురి. ఇలాంటి రోజు నాకు మళ్ళీ వస్తుందా?"

ఎమెతెరియాకి నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగానే ఏడుపూ వచ్చింది. అయిదు వారాల ఏడుపు ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చింది. "గడ్డి కోసి పెట్టాను, ఇక మిగిలింది నీ పనే అన్నాడయ్యా. ఒక్క పని. అదీ చేతకాలేదు నాకు. రేపు పాత వంతెన కోసేస్తారు, ఆయన కట్టిన ముళ్ళన్నీ నదిలో పోతాయి. కొత్తదాంట్లో ఆయనది గడ్డిపోచైనా ఉండదు."

ఫ్రోయిలాన్ ఓదార్చలేదు. ఆమె ఒళ్ళోంచి చుట్ట అందుకుని, తాడుని రెండు చేతులా పట్టి గట్టిగా గుంజి చూశాడు. మోకాలికేసి వంచి చూశాడు. తర్వాత వాలు కిందకి మొహం పెట్టి, "ఒరేయ్ విల్బర్" అని కేకేశాడు. విల్బర్ చెమటలు కక్కుతూ ఎక్కి వచ్చాడు.

"మోకులో పనికిరాదన్నావట. సరిగ్గా చెప్పావు. పక్క అల్లికకి ఏం రోగం?"

విల్బర్ ఆలోచించాడు. పక్క అల్లికలో తాడు ఒంటరిగానే ఉంటుంది. పై మోకుకో ముడి, కింది మోకుకో ముడి. ఇంకో తాడుతో మెలి తిప్పే పనే లేదు. "తాడు ఆగుతుంది బాబాయ్," అన్నాడు నసుగుతూ. "కానీ అది చనిపోయినవాళ్ళకి కట్టే పురి. బతికున్నవాళ్ళు చెయ్యి పట్టుకుని నడిచేచోట పెడితే రేపు ఊళ్ళో ఎవరికి జలుబు చేసినా నన్నే అంటారు. మొదటి ఏడాదే నాకు ఈ పేరెందుకు?"

"నీ పెళ్ళాం కడుపుతో ఉందిగా. ఏడో నెల కదూ?"

"అవును."

"కాలికి దారం కట్టుకుందా?"

"కట్టుకుంది."

"ఏ పురి అది?"

"ఎడమ పురి."

"ఎవరు వడికారు?"

విల్బర్ అత్త మొహం చూశాడు. కడుపులో బిడ్డకి దిష్టి తగలకూడదని రోజులు లెక్కపెట్టి, మార్చిలో ఆ దారం వడికి కట్టింది ఆమే.

"కీడుని తిప్పి కొట్టడానికే ఎడమ పురి. చచ్చినవాడికి దారిలో తోడుండేదీ అదే, పుట్టబోయేవాడికి కాపలా కాసేదీ అదే," అన్నాడు ఫ్రోయిలాన్. "మధ్యలో ఉన్న మనకి మాత్రం చేదా?"

విల్బర్ తాడు తీసి భుజాన వేసుకున్నాడు. "నది ఎగువ పక్కన నేనే కడతాను. మామ కూర్చునే వైపు," అన్నాడు. వెంటనే మేస్త్రీతనం గుర్తొచ్చి, "కానీ నలభై బారలు మధ్య వరకే వస్తాయత్తా. అక్కణ్ణించి అవతలి ఒడ్డు వాళ్ళ తాడే" అన్నాడు.

"సగం చాలురా," అంది ఎమెతెరియా కళ్ళు తుడుచుకుంటూ. "కాపురం కూడా సగంలోనే కదా ఆగింది."

మర్నాడు కొత్త మోకులు నది మీదుగా లాగి, ఒడ్డుల రాతి దిమ్మలకి బిగించారు. ఆ పైన పాత వంతెన కోశారు. అది ఒక పక్కకి ఒరిగి, నీళ్ళలో పడి, కాసేపు ఆగి, వంపు తిరిగి వెళ్ళిపోయింది. సతుర్నినో చేతి ముళ్ళన్నీ దాంట్లోనే ఉన్నాయి. ప్రతి ఏడూ అది పడ్డప్పుడు ఆడవాళ్ళు పైనుంచి కేరింతలు కొడతారు. ఈసారి సెనోబియా ఎమెతెరియా చెయ్యి పట్టుకుంది, కేరింత కొట్టలేదు.

మూడో రోజు పక్క అల్లిక. ఎమెతెరియా పొరలు కమ్మిన కళ్ళకి మోకుల మీద రెండు మచ్చలు మాత్రం కనపడ్డాయి. ఇటు మచ్చ విల్బర్, అటు మచ్చ ఫ్రోయిలాన్. తిట్లు వినపడలేదు. నది హోరు ఒక్కటే. అటు మచ్చ నత్తలా కదిలింది.

"ఫ్రోయిలాన్‌కి ఏమైందే?" అని అడిగింది సెనోబియాని. "ఎప్పుడూ ఇంత నెమ్మది లేదు."

"ఏమో. రెండ్రోజుల నుంచీ దుంపలు తినడానికి కూడా అందరితో కూర్చోడం లేదట. పని ఆగితే చాలు, రాత్రిళ్ళు కూడా, బండ చాటుకి పోయి ఒక్కడే ఉంటున్నాడట. పిలిస్తే కసురుతున్నాడట."

తిట్టేవాడు పోయాక తిట్టించుకునేవాడికి మాత్రం ఏం తోస్తుందిలే అనుకుంది ఎమెతెరియా. ఆ ముసలాయన మీద జాలి కలిగింది.

నాలుగో రోజు వంతెన సిద్ధమైంది. నడిచేచోట కొమ్మలూ రెల్లూ పరిచి కట్టారు. వేణువులు, డప్పులు మొదలయ్యాయి. చిచా కుండలు దిగాయి. ఇప్పుడిక ఆడవాళ్ళు కిందకి రావచ్చు, నదికి కోపం తగ్గిపోయింది. ముందు మేస్త్రీలిద్దరూ దాటి, ఎవరి ఒడ్డుకి వాళ్ళు తిరిగొచ్చారు. ఆ తర్వాత ఎవరు దాటాలన్నా విల్బర్ దారి అడ్డంగా నిలబడి, "మా అత్త దాటాకే" అన్నాడు.

ఎమెతెరియా చెప్పులు విప్పి చేత పట్టుకుని కాలు మోపింది. కొత్త వంతెన ఉయ్యాలలా ఊగుతుంది. నది ఎగువ పక్క అల్లిక మీద అరచెయ్యి ఆనించింది. మొదటి తాడు ఆమె అరచేతికి ఎదురు గీసింది. ఎడమ పురి. ఆమె అడుగు వేసింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆయన కొండ మీద వంగి కోసిన గడ్డి. కాస్త తుక్కు కూడా తగిలింది. "చూసి కోయొద్దూ" అంది లోగొంతుకతో. చుట్టుపక్కల ఎవరూ లేరు గనుక ఆ మాట ఆయనకే వినపడి ఉండాలి.

మధ్య దగ్గరపడుతుంటే అడుగు నెమ్మదించింది. అక్కడ ఆయన తాడు అయిపోతుంది. అక్కణ్ణించి పరాయి గడ్డి, కుడి పురి. చెయ్యి తీసేసి ఉత్తినే నడవాలనుకుంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి అని ముళ్ళు లెక్కపెట్టింది. రెండు వైపుల తాళ్ళూ కలిపి కట్టిన లావు ముడి వేళ్ళకి తగిలింది. ఇక్కడితో సరి. వదలబుద్ధి కాక, ఆ ముడి అవతల ఉన్న తాడు మీదకి ఒక్క వేలు మాత్రం జరిపింది.

అది కూడా ఎదురే గీసింది.

ఎమెతెరియా నిలబడిపోయింది. ఇంకో తాడు తడిమింది. అదీ ఎడమ పురే. తాడు కొత్తగా, మొరటుగా ఉంది. అక్కడక్కడ లావు, అక్కడక్కడ సన్నం, పేనడం రాని పిల్లకాయ పేనినట్టు. వేళ్ళు తడుముకుంటూ అడుగులో అడుగు వేసుకుంటూ పోయింది. ప్రతి తాడూ అంతే. అవతలి ఒడ్డు రాతి దిమ్మ దాకా ఒక్కటీ తప్పలేదు. ఆమె వెక్కివెక్కి ఏడుస్తూనే నడిచింది. ఒడ్డున ఉన్నవాళ్ళు భయపడుతోందనుకున్నారు.

దిమ్మ దగ్గర ఫ్రోయిలాన్ చెయ్యి అందించాడు. ఆ అరచెయ్యి నిండా బొబ్బలు. నలభై ఏళ్ళ మేస్త్రీ చేతికి, కాయలు కాచిపోయిన చేతికి, మళ్ళీ బొబ్బలెక్కడివో ఆమె అడగక్కర్లేదు. కుడి పురికి కాయలు కాచిన చోటు వేరు.

"బండ చాటున చేసిన పని ఇదా?" అంది.

"ఎడమ పురి నాకు అలవాటు లేదు వదినా. వంకరగా వచ్చింది. చూడనట్టు ఊరుకో." ఫ్రోయిలాన్ చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు, ఆమె వదల్లేదు. "నలభై ఏళ్ళలో ఒక్కసారైనా నేను చెప్పినట్టు కట్టవయ్యా అని ప్రతి ఏడూ ప్రాణం తీసేవాడు. ఈ ఏడు కట్టాను. పైకి వెళ్ళాక ఆయనకి చెప్పు. తొందరేం లేదు, నెమ్మదిగానే చెప్పు."

"చెబుతాను," అంది ఎమెతెరియా. "వంకరగా కట్టావని కూడా చెబుతాను."

"చెప్పు. లేకపోతే నమ్మడు."

ఆమె ఆ బొబ్బల చేతిని తన రెండు చేతుల్లోనూ కాసేపు ఉంచుకుని, తర్వాత వదిలింది. ఇల్లు తను వచ్చిన ఒడ్డునే ఉంది. పొయ్యి మీద దుంపలు వేసి వచ్చింది. చెప్పులు చంకలో ఇరికించుకుని, ఎగువ పక్క తాడు మీద మళ్ళీ చెయ్యి వేసి, తిరిగి ఇంటివైపు నడిచింది.